అరవై ఏళ్లు వచ్చేదాకా కరాటే నేర్పాలంటే ఇప్పుడే ఏం మార్చుకోవాలి?

నల్లపట్టీ (అనంతపురం)
కరాటేలో షోటోకాన్ శైలి, నల్లబెల్టులో రెండో డాన్ (రెండో మెట్టు). వయసు 36. పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం రెండు, శనివారం ఒక స్కూల్లో క్లాసు. కింద గదిలో నాపరాయి బండలు, మేడ మీద సిమెంటు. కుడికాలితో మవాషి గేరి (పక్కనుంచి తిప్పి తన్నే తన్ను) చూపించినప్పుడు ఎడమ మోకాలు లోపలి వైపు పొడుస్తాంది. గొంతు వారానికి ఒకసారన్నా పోతాంది. ఇంకో పాతికేళ్లు ఇదే పని చేయాలని ఉంది. "కొన్నాళ్లు రెస్ట్ తీసుకో" అనే మాట తప్ప ఏదైనా చెప్పండి. ఇంకోటి, పసుపు బెల్టు రాంగానే పిల్లోళ్లు మానేస్తాండారు. దీనికేం చేయాల?

బురుజు_నీడ (కర్నూలు)
అన్నా, నొప్పి తన్నే కాలికి కాదు, నిలబడిన కాలికి వచ్చింది. మూలం అక్కడే ఉంది. నడుం తిరుగుతాంది, పాదం తిరగడం లేదు. గరుకు సిమెంటు మీదగానీ, చెమట పట్టిన మ్యాట్ మీదగానీ ఒట్టి పాదం అతుక్కుంటుంది, ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. మడమ వెంట్రుకవాసి లేపి, మునిపాదం మీద తిరగాల. తన్ను తగిలే క్షణానికి నిలబడిన కాలి మడమ ఎదుటివాడి వైపు చూస్తుండాల. వారం రోజులు గోడ పట్టుకొని, నడుం ఎత్తు దాటకుండా, నిదానంగా ఈ తిరుగుడు ఒక్కటే చేసి చూడు.

రెండోది, మాస్టర్లంతా చేసే తప్పు. పిల్లోళ్లు పదిహేను నిమిషాలు వార్మప్ చేస్తారు, మాస్టరు చేతులు కట్టుకొని నిలబడి లెక్క పెడతాడు. ఆపైన చల్లబడిన ఒంటితో ఒక్కసారిగా తల ఎత్తుకు ఫుల్ పవర్ కిక్ చూపిస్తాడు. రోజుకు మూడు క్లాసులు, ఏడాదికి ఎన్నిసార్లవుతుందో లెక్కేసుకో. నువ్వు నిదానంగా మూడుసార్లు చూపించు చాలు. వేగంగా చూపించే పని బ్రౌన్ బెల్టోడికి అప్పగించు.

ఎదురుగా తన్నే మాయె గేరిలో గాలిలోకి తన్నేటప్పుడు మోకాలు పూర్తిగా బిగిసేదాకా విసరొద్దు. కొంచెం వంపు ఉండంగానే వెనక్కి లాగు. ముందు కాలు వంచి నిలబడే జెంకుత్సు దాచిలో ముందు మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలితే అదే అరుగుదలకు మొదలు. రెండో వేలి మీదికి రావాల. బాతు నడక, కప్ప గంతులు బండల మీద నీకూ వద్దు, పిల్లోళ్లకూ వద్దు.

బలానికి వారానికి మూడు రోజులు: జానెడు ఎత్తు మెట్టు మీంచి ఒంటికాలితో మూడు సెకన్లలో దిగడం, కాలికి పది చొప్పున మూడుసార్లు. గోడకు ఆనుకొని కుర్చీ వేసినట్టు 30 సెకన్లు, మూడుసార్లు. ఒంటికాలి మీద మడమలు ఎత్తడం 12. మరుసటి రోజుకు నొప్పి పెరిగితే సగానికి తగ్గించు. నొప్పి లేకుండా కటకటమనే శబ్దానికి భయపడాల్సిన పని లేదు. వాపు వచ్చినా, మోకాలు ఇరుక్కుపోయినా, నడుస్తుంటే మొరాయించినా మాత్రం ఎముకల డాక్టరు దగ్గరికే, ఇక్కడ అడగొద్దు.

గండికోట_గాలి (కడప)
పై మాటలన్నీ సరే. నేల మార్చకపోతే అవన్నీ సగం దండగ. బండ కొంచెం కూడా దిగదు, దూకిన దెబ్బంతా మడమ నుంచి నడుం దాకా పోతుంది. మీటరు బై మీటరు పళ్లు కలిసే మ్యాట్లు, 20 మిల్లీమీటర్లవి కరాటేకు సరిపోతాయి. పడేయడాలు నేర్పితే 40 కావాల. మెత్తగా ఉందని కరాటేకూ 40 వేస్తే పాదం దిగబడి తిరగదు, మళ్లీ అదే మోకాలి కథ. మేడ మీద ఎండకు వదిలేస్తే మ్యాట్లు కుదించుకొని అతుకుల్లో సందులు వస్తాయి, కాలి వేళ్లు వాటిలో ఇరుక్కుంటాయి. క్లాసు కాంగానే తీసి లోపల పెట్టు. రోజూ సబ్బునీళ్లతో తుడవకపోతే ఒకరి తామర అందరికీ అంటుకుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో మన పక్క ఎండ సంగతి చెప్పేదేముంది. బ్యాచ్ పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి ఏడుకు ముగించు. పావుగంటకోసారి నీళ్లు, అయిపోయినాక ఉప్పేసిన మజ్జిగ. "క్లాసులో నీళ్లు తాగితే క్రమశిక్షణ పోతుంది" అనేది మూర్ఖత్వం. పిల్లోడు తడబడి మాట్లాడితే, అంత వేడిలోనూ చెమట ఆగిపోతే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ వెంటనే ఆస్పత్రికి పట్టుకపోవాల. రంజాన్ నెలలో ఉపవాసం ఉండే పిల్లోళ్లకు కతాలు (ఒంటరిగా వరసగా చేసే కదలికలు), స్టెప్పులు మాత్రమే పెట్టు, స్పారింగ్ వద్దు.

గొంతుకు మందు సులువు: ఇచి, ని, సాన్ (జపనీస్‌లో ఒకటి, రెండు, మూడు) లెక్క నువ్వు పెట్టొద్దు. వరసలో ఒక్కొక్కరు పది చొప్పున పెట్టాల. వాళ్లకు కియాయి (దెబ్బతో పాటు వేసే అరుపు) కూడా బాగొస్తుంది. క్లాసు ఆపడానికి విజిలో చప్పట్లో వాడు.

నల్లపట్టీ (అనంతపురం)
మడమ సంగతి ఇప్పుడే చూసుకున్నా. నిజంగానే తిరగడం లేదు! పిడికిళ్ల మీద పుషప్స్ గురించి కూడా చెప్పండి, తల్లిదండ్రులే చేయించమంటాండారు.

సాముగరిడీ (కర్నూలు)
ఎదిగే పిల్లల ఎముకల చివర్లు ఇంకా మెత్తగానే ఉంటాయి. బండ మీద పిడికిళ్ల పుషప్స్, మకివారా (గుద్దడానికి నాటే కట్టె) గుద్దడం పదహారు, పదిహేడు దాటేదాకా వద్దు. అరచేతుల మీద చేయించండి. తల్లిదండ్రులకు వీడియో కావాలంటే కతా తీసుకోమనండి.

పసుపు బెల్టు తర్వాత మానేయడానికి కారణం, నా లెక్కన, హెయాన్ షోదాన్ అనే తొలి కతాను నెలల తరబడి అర్థం చెప్పకుండా తిప్పడం. ప్రతి కదలికకూ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి "ఎదుటోడు ఇలా పట్టుకుంటే ఇది" అని చూపిస్తే నిలబడతారు. పరీక్షకూ పరీక్షకూ మధ్య బెల్టు చివర చిన్న పట్టీ ఇచ్చినా తప్పు లేదు. బెల్టు లెక్కేమీ వేదం కాదు కదా! జూడోను మొదలుపెట్టిన కానో 1880లలో డాన్‌లు పెట్టినాడు, కరాటేలో షోటోకాన్ మూలపురుషుడు ఫునాకోషి మొదటి డాన్‌లు ఇచ్చింది 1924లో. పరీక్ష ఫీజు మీద మాత్రం సంసారం నడపొద్దు. అలా నడిపితే రానోడికి కూడా బెల్టు ఇయ్యాల్సి వస్తుంది, అది చూసి బాగా చేసేవాడు పోతాడు.

అసలు సంగతి వేరే ఉంది. నేర్పడం సాధన కాదు. ఎదురుగా నిలబడి అద్దంలా చూపిస్తూ పోతే ఏళ్ల తరబడి ఒకే పక్క పని చేసి, ఒళ్లు ఒక వైపుకు లాగేస్తుంది. వారానికి మూడు రోజులు, ముప్పావు గంట, పిల్లోళ్లు లేకుండా నీ సొంతం. బ్యాచ్ ఒకటి తగ్గించైనా సరే.

వయసు మీద పడేకొద్దీ మోకాలికి ఊరటనిచ్చే పని కర్రసాము. పీర్ల పండగకు తాలింఖానాల (సాము నేర్పే చోట్ల) వాళ్లు తిప్పేది చూసే ఉంటావు. గట్టి వెదురు, నిలబెడితే నీ నుదురుకు వచ్చేంత పొడవు, అంగుళం లావు. మన ఎండకు వెదురు చీలుతుంది, కాబట్టి నెలకోసారి నూనె రాయి, పేడు లేస్తే ఆ కర్ర పక్కన పడెయ్. బిగించి పట్టుకుంటే మణికట్టు పోతుంది. బొటనవేలు, చూపుడువేలే పట్టు, మిగతావి వదులు.

బురుజు_నీడ (కర్నూలు)
కర్ర మాత్రం గదిలో వద్దన్నా. మనిషికీ మనిషికీ మధ్య రెండు కర్రల పొడవు కావాల, పైన ఫ్యాన్ ఉండకూడదు. అందరికీ ఒకేసారి ఇయ్యద్దు, ఎనిమిది మందితో మొదలుపెట్టు.