చెన్నైలో 60 లిమిట్ అన్యాయమా? లెక్క వేసి మాట్లాడుకుందాం

ఓఎంఆర్_చక్రం:
2023 నవంబరు నుంచి సిటీలో స్పీడ్ లిమిట్ కార్లకు గంటకు 60 కి.మీ., బైకులకూ లారీలకూ 50, ఆటోలకు 40, ఇళ్ల మధ్య ఎవరికైనా 30. ఖాళీ రోడ్డు మీద 60 ఏమిటని గోల. మనిషి అడ్డం వచ్చాడని చూసి బ్రేకు తొక్కేసరికి ఎంత చురుకైనవాడికైనా ఒక సెకను పోతుంది. 60లో ఆ సెకనుకు 17 మీటర్లు, ఆగడానికి ఇంకో 20. మొత్తం 37. 80లో సెకనుకే 22 పోతాయి, బ్రేకుకు మిగిలేది 15. అంటే మొదటి కారు ఆగిపోయిన చోట రెండోది ఇంకా 60 మీదే ఉంటుంది. గుద్దేది ఆ వేగంతోనే.

తడిరోడ్డు:
అది పొడి రోడ్డు లెక్క అన్నా. తడిలో 60కే బ్రేకు దూరం 35 దాటుతుంది. తొలి వాన ఇంకా ఘోరం, పేరుకున్న ఆయిలూ దుమ్మూ పైకి తేలతాయి. కారు టైరు గాడి 1.6 మి.మీ.కి దిగేదాకా రూలు ఒప్పుకుంటుంది గానీ, ఈశాన్య రుతుపవనాల ముందు 3 దగ్గరే మార్చేయండి.

అడ్డప్రశ్న:
అన్నిటికీ వేగమేనా? కేంద్ర రవాణా శాఖ లెక్కలో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 71 శాతం అతివేగం ఖాతాలోనే ఉన్నారు. పోలీసు ఫారంలో ఆ గడి నింపడం తేలిక. మెట్రో బారికేడ్ల దగ్గర లేను ఎంత సన్నబడిందో, యూటర్న్ ఎంత దూరముంటే బైకులు రాంగ్‌సైడ్ వస్తున్నాయో ఎవరు రాస్తారు?

ఓఎంఆర్_చక్రం:
అది నిజమే. ఐఐటీ మద్రాసు, ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ విభాగం) చేసిన ఐరాడ్ అనే ప్రమాదాల నమోదు యాప్‌లో స్థలం, ఫోటోలు, రోడ్డు వివరాలు ఎక్కించేది అందుకే. కానీ రాంగ్‌సైడ్ వచ్చినవాడికి 40లో తగిలితే కాలు విరుగుతుంది, 70లో తగిలితే మనిషే మిగలడు. రోడ్డు బాగయ్యేదాకా వేగం తగ్గించకుండా ఉందామా?

గంట్రీ:
పట్టుకునే పద్ధతిలోనే లోపముంది. ఒకే చోట కెమెరా పెడితే అక్కడ బ్రేకు, దాటగానే మళ్లీ యాక్సిలరేటర్. సగటు వేగం చూడాలి. 6 కిలోమీటర్ల దూరంలో రెండు కెమెరాలు పెడితే 60 లిమిట్‌లో 6 నిమిషాలు పట్టాలి. నాలుగున్నరలో వచ్చాడంటే 80లో వచ్చాడు. రెండింటి గడియారాలూ ఒకటే టైము చూపాలి, నంబరు ప్లేటు చదవడానికి వీలుగా ఉండాలి. ఈసీఆర్‌లో (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఇది పారదు, మధ్యలో టీ తాగితే సగటు పడిపోతుంది! వండలూరు–మీంజూరు ఔటర్ రింగ్ రోడ్డుకు సరిపోతుంది.

తడిరోడ్డు:
తప్పుడు చలాన్ వస్తే?

గంట్రీ:
మోటారు వాహనాల నిబంధన 167ఎ చూడండి. నోటీసు 15 రోజుల్లో రావాలి, ఫోటోతోపాటు కొలిచిన వేగం, చోటు, టైము ఉండాలి. కెమెరా ఉందని బోర్డు ఉండాలి, పరికరం సర్టిఫికెట్ ఏటా రెన్యూ కావాలి. ముందు ఫోటోలోని ప్లేటు మీదేనా చూసుకోండి, ఒక్క అక్షరం తేడా చాలు. 183వ సెక్షన్ కింద కారుకు 1,000 నుంచి 2,000, లారీకి 2,000 నుంచి 4,000. మీటరు తక్కువ చూపింది అని వాదించకండి సార్, కంపెనీ మీటరు ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుంది.

పాత_స్పానర్:
లారీల సంగతి ఎవరూ ఎత్తరేం? గూడ్స్ బండికి 80 దగ్గర, ట్యాంకర్లకూ స్కూలు బస్సులకూ 60 దగ్గర స్పీడ్ గవర్నర్ ఆపాలి. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజు సీలు ఉంటుంది, బయటికొచ్చాక కొందరు వైరు తప్పించేస్తారు. నెల్లూరు రూటులో లారీ 90 కొడుతోందంటే కథ అదే. సెన్సార్ కనెక్టర్ దగ్గర టేపు చుట్టిన జాయింటు కనిపిస్తే పట్టేసుకోవచ్చు, పనిముట్టు కూడా అక్కర్లేదు.

అడ్డప్రశ్న:
మరి మా వీధిలో 30కి కెమెరా పెడతారా?

పాత_స్పానర్:
అక్కడ హంపే (స్పీడ్ బ్రేకరే) మందు. కానీ మీవాళ్లు రాత్రికి రాత్రి పోసే సిమెంటు దిమ్మె కాదు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కొలత 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు. 25లో వెళ్తే నడుముకు తెలియదు, 45లో వెళ్తే తల పైకప్పుకు తగులుతుంది. ముందు 40 మీటర్ల దూరంలో బోర్డు పెట్టించండి, పైన పెయింటు వేయించండి. పెయింటు పోయిన హంపు రాత్రి బైకువాడికి గుంతతో సమానం.