మొదటి స్మార్ట్‌ఫోను: టచ్ ఫోనా, బటన్లున్న ఫోనా?

తాడిపత్రి_నల్లబండ:

మా నాయనకు అరవై దాటాయి. ఊళ్లోనే బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. ఇన్నేళ్లూ బటన్ ఫోనుతోనే నెట్టుకొచ్చారు. కువైట్‌లో ఉన్న అక్క, మనవడిని వీడియోలో చూపిస్తానని పట్టుబట్టింది. పైగా కూలి డబ్బు ఇకపై ఫోనుకే వేస్తామని ఫ్యాక్టరీలో అంటున్నారు. పెద్ద ఫోను కొనక తప్పేలా లేదు.

చిక్కంతా ఆయన వేళ్లతోనే. నీళ్లలో, రాతి పొడిలో పనిచేసీ చేసీ వేలి కొసలు నున్నగా అరిగిపోయాయి. రేషన్ దగ్గర వేలిముద్ర ఓ పట్టాన పడదు. నా టచ్ ఫోను చేతికిస్తే, మోగుతున్న కాల్ ఎత్తడానికి పచ్చ గుర్తును పైకి జరపలేకపోతున్నారు. వేలు జరుగుతుంది, గుర్తు జరగదు. విసిగిపోయి గట్టిగా పొడుస్తారు. ఈలోపు కాల్ ఆగిపోతుంది.

తెర కింద నిజమైన బటన్లుండే బ్లాక్‌బెర్రీ కీ2 పాతది ఒకటి అమ్మకానికి ఉందని, అదే తీసుకోమని మా బావ అంటున్నాడు. నాయనకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు రావు. తెలిసినవాళ్లు చెప్పండి.

బురుజు_రిపేర్:

అన్నా, నాది కర్నూలులో, కొండారెడ్డి బురుజుకు దగ్గర్లోనే ఫోన్ల రిపేరు అంగడి. హమాలీలు, తాపీ మేస్త్రీలు, ఎవరొచ్చినా ఇదే గోడు. ఇప్పటి ఫోన్ల తెర నొక్కుడును చూడదు. మన ఒంట్లో కరెంటు పారే గుణం ఉంది కదా, వేలు దగ్గరకు రాగానే గాజు కింది విద్యుత్తులో కలిగే మార్పును పసిగడుతుంది. చర్మం మందంగా, పొడిగా ఉంటే ఆ మార్పు చాలా తక్కువ. అందుకే ఎంత గట్టిగా పొడిచినా లాభం లేదు. మునుపటి రకం టచ్ వేరు. 2008 చివర్లో వచ్చిన నోకియా 5800 లాంటివాటిలో పై పొర వంగి లోపలి పొరను తాకితే చాలు, గోటితో నొక్కినా పలికేది. 2007లో ఐఫోను వచ్చాక ఆ రకం మెల్లగా మూలపడింది. నన్నడిగితే, పనిచేసేవాడి చేతికి అదే నయం.

బటన్‌కు ఈ తేడాలేమీ లేవు. తడి చేయి, దుమ్ము చేయి, కాయలు కాసిన చేయి, అన్నీ ఒకటే. నొక్కామని వేలికి తెలుస్తుంది. కింద పడ్డా మహా అయితే కేసు పగులుతుంది. టచ్ ఫోను డిస్‌ప్లే పోతే, చవక ఫోన్లకు ఆ మార్చే ఖర్చు సగం ఫోను ధర అవుతుంది. నా ఓటు బటన్లకే.

కడప_డీటీపీ:

రిపేరు అన్నగారు చేతి గురించి చెప్పారు, భాష గురించి మరిచిపోయారు. కడపలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు టైపు చేసే పని నాది. రోజంతా బటన్ల మీదే బతుకు. అయినా చెబుతున్నా, ఫోనులో తెలుగుకు బటన్లు పనికిరావు.

కంప్యూటర్‌లో ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డునే తీసుకోండి. అచ్చులు, గుణింతాలు ఎడమవైపు, హల్లులు చాలావరకు కుడివైపు. ఇంగ్లీషు కె మీద క, డి మీద పొల్లు. లెక్క చక్కగా ఉంది. కానీ ఇంగ్లీషు 26 అక్షరాల కీలు మనకు చాలవు కాబట్టి, చ వెళ్లి సెమికోలన్ మీద కూర్చుంది, ట కొటేషన్ గుర్తు మీద, డ బ్రాకెట్ మీద, య ఏటవాలు గీత (/) మీద. ఇప్పుడు మీ బావగారు చెప్పిన ఫోను చూడండి. అక్షరాలకు మూడు వరుసలు, అంతే. ఆ గుర్తులకు విడిగా బటన్లే లేవు. చ, ట, డ, య లేకుండా ‘చెట్టు’ అని కూడా రాయలేం. ఇక మిగిలిన దారి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చుకోవడం. ఇంగ్లీషు అక్షరాలే రాని మనిషికి ఆ దారి మూసుకుపోయినట్టే.

పన్నెండు బటన్ల ఫోనులోనూ అవస్థే. ఒక్కో అంకె మీద ఎన్నో అక్షరాలు, ఒత్తు కావాలంటే మళ్లీ నొక్కుడు. తెర మీది కీబోర్డయితే అక్షరమాల అంతా తెలుగులోనే కనిపిస్తుంది. కీ మీద అచ్చు వేసింది చెరగదు, తెర మీద గీసింది ఎప్పుడైనా మారుతుంది. 2007లో ఐఫోను ముందుకు తెచ్చిన వాదమూ ఇదే, ఆ మాట అన్నవాళ్లు తెలుగు కోసం అనలేదు గానీ.

ప్రొద్దుటూరు_బంగారం:

ఐఫోను పేరు ఎత్తారు కాబట్టి గుర్తుచేస్తున్నా. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. 11.2.6 అప్‌డేట్ వచ్చేదాకా అదే కథ. తెలుగు మీద అంత ప్రేమ!

బురుజు_రిపేర్:

డీటీపీ అన్నా, మీ లెక్క కాదనను. కానీ వాళ్ల నాయన ఫోనులో వ్యాసాలు రాయబోతున్నారా? కాల్ ఎత్తాలి, కాల్ చేయాలి, మనవడిని చూడాలి. ఇందులో టైపు చేసేది ఎక్కడ?

బ్లాక్‌బెర్రీ విషయంలో మాత్రం మీ బావ మాట వినకండి. కీ2 వచ్చింది 2018లో, మన దేశంలో అప్పటి ధర 42,990 రూపాయలు. ఆండ్రాయిడ్ 8.1 దగ్గరే ఆగిపోయింది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పుడో నిలిచాయి. డబ్బు పెట్టే ఫోను అది కాదు. ఆండ్రాయిడ్ కాకుండా కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచిన పాత బ్లాక్‌బెర్రీలకైతే 2022 జనవరి 4న సేవలే ఆపేసింది. ఎవరైనా ‘కొత్తదే, పెట్టె కూడా విప్పలేదు’ అని అంటగట్టబోతే దండం పెట్టి వచ్చేయండి. నేను బటన్ల పక్షమే, అయినా చచ్చిన గుర్రాన్ని అమ్మను.

2018లోనే 2,999 రూపాయలకు బటన్ల కీబోర్డుతో జియోఫోన్ 2 వచ్చింది. అప్పట్లో దానికి వాట్సాప్ కూడా వచ్చింది, ఇప్పుడు కైఓఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఆ రకం ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. వీడియో కాల్ అంటున్నారు కాబట్టి అదీ లెక్కలోంచి పోయినట్టే.

ఒక్కటి అడుగుతా. కూలి డబ్బు కోసమే అయితే పెద్ద ఫోను ఎందుకు? అందుకోవడానికి బ్యాంకు ఖాతా నంబరు చాలు. పంపాలన్నా, బటన్ ఫోన్ల కోసమే రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే ప్రారంభించింది. ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది.

అనంత_టీచరమ్మ:

నాకు చూపు లేదు. అనంతపురంలో పిల్లలకు పాఠాలు చెబుతాను. ఈ చర్చను కూడా ఫోను చదివి వినిపిస్తేనే విన్నాను.

ఒకప్పుడు నాకూ బటన్ ఫోనే ప్రాణం. 5 మీద చిన్న చుక్క ఉంటుంది, దాన్ని పట్టుకుంటే మిగతా అంకెలన్నీ వాటంతట అవే తెలుస్తాయి. గాజు పలక చేతికొచ్చినప్పుడు మా బంధువులు నా మీద జాలిపడ్డారు. తీరా చూస్తే నాకు ఎక్కువ పనులు చేసిపెట్టింది ఆ గాజే. టాక్‌బ్యాక్ వేసుకుంటే వేలు ఎక్కడ పెడితే అక్కడ ఏముందో పైకి చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. బటన్ ఫోను నాతో ఎన్నడూ మాట్లాడలేదు. దానిలో వచ్చిన మెసేజ్‌ను పక్కవాళ్లతో చదివించుకోవాల్సి వచ్చేది. అందులో ఏముందో ముందు వాళ్లకు తెలిసేది, తర్వాతే నాకు.

బాబూ, ఏ ఫోను కొన్నా ఒక్క మాట. నేర్పేటప్పుడు మీ నాయన తడబడితే ఫోను ఆయన చేతిలోంచి లాక్కుని మీరే చేసి చూపకండి. పిల్లలు పెద్దలకు నేర్పలేకపోయేది సరిగ్గా అక్కడే.

కడప_డీటీపీ:

టీచరమ్మగారూ, నమస్కారం. మీరు చెప్పాక నేను చెప్పడానికి పెద్దగా మిగల్లేదు గానీ, రిపేరు అన్నగారు టైపు చేసేది ఎక్కడ అన్నారు కదా, నిజమే, చాలామంది పెద్దలు టైపు చేయనే చేయరు. వాట్సాప్‌లో మైకు గుర్తు పట్టుకుని మాట పంపుతారు. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగుకు మాటను అక్షరాలుగా మార్చే సౌకర్యం ఇచ్చింది. ఫ్యాక్టరీలో కోత మిషన్ తిరుగుతుండగా అది పనిచేస్తుందని ఆశపడొద్దు. ఇంటి దగ్గర నిదానంగా మాట్లాడితే బాగానే రాస్తుంది.

కాల్ ఎత్తడానికి తెరను తాకాల్సిన పనే లేకుండా చేయొచ్చు. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీకి వెళితే, పక్కనున్న పవర్ బటన్ నొక్కితే కాల్ ముగిసేలా పెట్టుకోవచ్చు. శామ్‌సంగ్ లాంటి కొన్నింటిలో వాల్యూమ్ బటన్‌తో కాల్ ఎత్తే ఏర్పాటు కూడా ఉంది. అంటే టచ్ ఫోనులో బటన్లు పూర్తిగా చచ్చిపోలేదు, పక్కకు జరిగాయి, అంతే. కొన్ని ఫోన్లలో తెర స్పర్శను పెంచే సెట్టింగు ఉంటుంది, అది తప్పకుండా వేయండి. అంగడివాళ్లు ఉచితమని అంటించే మందపాటి గాజును మాత్రం వద్దనండి. అరిగిన వేలికి అదొక అడ్డుగోడ.

బురుజు_రిపేర్:

గాజు అంటించకపోతే నా అంగడి ఎలా నడవాలి స్వామీ! సరే, పలచటిది అంటించుకోండి. రబ్బరు మొన ఉన్న స్టైలస్ పెన్ను ఒకటి కొని తాడుతో కవరుకు కట్టేయండి. వెడల్పు మొన కాబట్టి తెరకు బాగా తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఆన్‌లైన్‌లో కొనకండి. నాయనను పని నుంచి వచ్చిన సాయంత్రమే, చేతులకు నూనె రాయకముందే అంగడికి తీసుకెళ్లండి. నాలుగైదు ఫోన్లు ఆయన చేతికే ఇచ్చి, మీరు మీ ఫోను నుంచి కాల్ చేయండి. ఏది ఎత్తగలిగితే అదే. కెమెరా ఎంత, ర్యామ్ ఎంత అని అంగడివాడు చెబుతుంటే చెప్పనివ్వండి.

తాడిపత్రి_నల్లబండ:

అందరికీ కృతజ్ఞతలు. బ్లాక్‌బెర్రీ వద్దని బావకు చెప్పేశాను, ముఖం మాడ్చుకున్నాడు. కూలి డబ్బు బ్యాంకు ఖాతాకు వేయమని రేపు ఫ్యాక్టరీలో అడుగుతాను. టచ్ ఫోనే తీసుకుంటాం, కానీ వీడియో కాల్‌కూ వాట్సాప్ మాటలకూ మాత్రమే. సిమ్ పాత బటన్ ఫోనులోనే ఉంటుంది, కొత్తదానికి ఇంటి వైఫై ఉంది. టీచరమ్మగారూ, లాక్కోనని మాట ఇస్తున్నాను. మా చెల్లెలి సంగతి మాత్రం హామీ ఇవ్వలేను.

బురుజు_రిపేర్:

సిమ్ బటన్ ఫోనులోనే ఉంచితే మరి గెలిచింది ఎవరన్నా?

కడప_డీటీపీ:

వాట్సాప్ మొదటిసారి తెరిచేటప్పుడు ఓటీపీ ఆ బటన్ ఫోనుకే వస్తుంది. అది పక్కనే పెట్టుకుని కూర్చోండి.