బ్రిజిడ్ పండుగకు కిల్డేర్ యాత్ర: స్వచ్ఛంద సేవకుల సన్నాహాలు

సమన్వయకర్త: ఫిబ్రవరి మొదట్లో వచ్చే సెయింట్ బ్రిజిడ్ సెలవు రోజున (ఐర్లండ్ ప్రభుత్వం 2023 నుంచి ఇస్తున్న సెలవు ఇది) మన సంఘం పిల్లలను కిల్డేర్ పట్టణానికి తీసుకువెళ్తున్నాము. పునీతులు పాట్రిక్, కొలంబాలతో పాటు ఐర్లండ్‌కు పాలక పునీతురాలైన బ్రిజిడ్ మఠం వెలసినది అక్కడే. కథీడ్రల్ ఆవరణలో సుమారు 32 మీటర్ల గుండ్రటి రాతి గోపురమూ, మఠంలో నిప్పును కాచిన అగ్నిగృహం పునాదులని చెప్పే పొట్టి రాతిగోడా ఉన్నాయి. ఆ గోడను చూస్తే మన పిల్లలకు అరుగే గుర్తుకొస్తుంది కనుక, ఎవరూ ఎక్కకుండా ఇద్దరు పెద్దలు దగ్గర నిలబడాలి. ప్రవేశానికి అనుమతి కోరుతూ నేను లేఖ రాస్తాను.

నాటిక రచన: పిల్లలు ఆడే నాటికకు ఈ కథ తీసుకున్నాను: మఠానికి బ్రిజిడ్ చోటడిగితే ఆ ప్రాంతమైన లెయిన్‌స్టర్ రాజు కాదన్నాడట. నా పైవస్త్రం కప్పినంత నేల చాలునని బ్రిజిడ్ అంటే నవ్వి ఒప్పుకున్నాడట. నలుగురు కన్యలు నాలుగు చెరగులు పట్టుకుని నలుదిక్కులకూ నడిచేసరికి ఆ వస్త్రం కిల్డేర్ పక్కనున్న కరా మైదానమంతా పరచుకుందట. పిల్లలకు సులువుగా అర్థమవుతుందని రాజును బలిచక్రవర్తిగా, బ్రిజిడ్‌ను వామనుడిగా మార్చి రాశాను.

కథల బాధ్యత: తమ్ముడూ, పోలిక బాగుంది గానీ పాత్రలను మార్చవద్దని నా మనవి. వచ్చినవాడు విష్ణువని గురువు హెచ్చరించినా మాట తప్పక ఇచ్చినవాడు బలి. ఈ రాజేమో తక్కువలో పోతుందనుకుని తల ఊపిన పిసినారి. ఇద్దరినీ ఒకటి చేస్తే బలికి అన్యాయం, వీరి కథలోని చమత్కారానికీ నష్టం. కిల్డేర్‌లో చెప్పుకున్నట్టే చెబుదాము, వామనుడి సంగతి పిల్లలే అందుకుంటారు. అగ్నిగృహం కథనూ చేర్చండి. పంతొమ్మిది మంది సన్యాసినులు రాత్రికొకరు చొప్పున నిప్పును కాచేవారనీ, ఇరవయ్యో రాత్రి కట్టెలు పేర్చి బ్రిజిడ్‌కే అప్పగించి వెళ్లేవారనీ, ఎంత కాలినా బూడిద పెరిగేది కాదనీ 12వ శతాబ్దంలో వేల్స్‌కు చెందిన జెరాల్డ్ రాశాడు. (బూడిద ఎత్తే పని లేని పొయ్యి అంటే మా అమ్మ వెంటనే నమ్మేది.)

హస్తకళల బాధ్యత: బ్రిజిడ్ శిలువలు నేను అల్లిస్తాను. తుంగను పోలిన రష్ గడ్డిని ఆచారం ప్రకారం కోయకుండా చేత్తో పెరకాలి. ఒక కాడను నిలువుగా పట్టుకుని, మరొకదాన్ని మధ్యకు మడిచి దానికి తగిలించి, ప్రతి మడతకూ పావు చుట్టు తిప్పుతూ పోతే నడుమ చదరం పెరుగుతుంది. నాలుగు చివరలకూ దారం బిగించేది మాత్రం పెద్దలే.

నాటిక రచన: అలాగే అక్కా, బలిని తీసేశాను. పంతొమ్మిది మంది పిల్లలకు తలా ఒక బ్యాటరీ దీపం ఇచ్చి, ఇరవయ్యోదాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా బల్ల మీద వెలిగించి ఉంచుదాము. బ్యాటరీలు నేను తెస్తాను.