సముద్రపు గాలి తగిలే విశాఖలో కారు అడుగున కోటింగు అవసరమా?

లాసన్స్‌బే కాలనీ నివాసి:
కొత్త కారు డెలివరీకి ముందే అడుగుభాగానికి నల్లటి రబ్బరు కోటింగు వేయించుకోమని షోరూం వారు గట్టిగా చెబుతున్నారు. టొరంటోలో ఉంటున్న మా బావగారిదీ అదే మాట. అక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక ఏటా కారు కింద నూనె కొట్టించడం చాలామందికి అలవాటేనని ఆయన అంటున్నారు. మా ఇల్లు సముద్రానికి బాగా దగ్గర. ఎంత మంచి రంగు వేసినా గేటు బందులకు తుప్పు పడుతూనే ఉంటుంది. ఆఫీసులో మాత్రం కంపెనీ పూతే చాలని, మిగిలినదంతా వ్యాపారమని వాదించేవారు ఉన్నారు. ఈ ఊరి సంగతి తెలిసినవారు చెప్పగలరు.

మధురవాడ మాస్టారు:
వ్యాపారమనే నా అభిప్రాయం కూడా. ఇప్పటి కార్ల బాడీని మొత్తంగా రంగు తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో మూలమూలలకూ ప్రైమరు పట్టిస్తారు. అతుకుల మీద పీవీసీ పూత వేస్తారు. చాలా మోడళ్లలో జింకు పూత ఉన్న రేకు వాడతారు. దాని మీద మరో పొర ఎందుకు? పైగా గాలిలోని ఉప్పు ఒడ్డు నుంచి లోపలికి వచ్చే కొద్దీ త్వరగా తగ్గిపోతుంది. బీచ్ రోడ్డుకు చెప్పిన సలహాను మధురవాడకో పెందుర్తికో వర్తింపజేయడం సబబు కాదు.

డాక్‌యార్డ్ విశ్రాంత ఉద్యోగి:
మాస్టారూ, దూరం విషయంలో మీ మాట నిజమే. అయితే అడిగినవారి ఇల్లు ఒడ్డునే ఉంది. ఉప్పు దానంతట అది ఇనుమును తినదు, తడి తోడైతేనే తింటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీరు పీల్చుకుని ద్రవమవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమ చాలు. ఏడాదిలో చాలా నెలలు 70 శాతానికి అటూ ఇటూ తేమ ఉండే మన ఊళ్లో రేకు మీద చేరిన ఉప్పు పూర్తిగా ఎండే అవకాశమే తక్కువ. ఇంకొక సంగతి ఎవరూ పట్టించుకోరు. బానెట్టు మీది ఉప్పును వాన కడిగేస్తుంది, అడుగుభాగాన్ని ఏ వానా కడగదు. వరండా కప్పు కింద వాన తగలని ఊచలే ముందు తుప్పు పట్టడానికి కారణం కూడా ఇదే. సెల్లారులో పెట్టాం కాబట్టి కారు భద్రమనుకోవడం ఈ లెక్కన పొరపాటు.

టొరంటో నుంచి ఒక విశాఖవాసి:
ఇక్కడి పరిస్థితిని అక్కడికి యథాతథంగా తీసుకువెళ్లవద్దని మనవి. ఇక్కడ ఉప్పు గాలిలో రాదు, రోడ్డు మీది బురద నీళ్లతో కలిసి చక్రాల నుంచి నేరుగా అడుగుకు చిమ్ముతుంది, కనుక మోతాదు చాలా ఎక్కువ. అయితే గడ్డకట్టే చలిలో తుప్పు నెమ్మదిగానే సాగుతుంది. ఉప్పు బురదతో వచ్చిన కారును వెచ్చని గరాజులో పెట్టినప్పుడు వేగం పుంజుకుంటుంది. విశాఖలో మోతాదు తక్కువైనా ఆ వెచ్చదనం ఏడాది పొడవునా ఉంటుంది. ఇక్కడ చాలామంది వేయించేది గట్టిపడే రబ్బరు కాదు, సందుల్లోకి పాకే నూనె. అది కారిపోతుంది కాబట్టే ఏటా మళ్లీ కొట్టిస్తారు.

ఆటోనగర్ టింకరింగ్ షెడ్డు:
మా షెడ్డుకు వచ్చే బళ్లలో రన్నింగ్ బోర్డులు, డోర్ల అడుగులు లోపలి నుంచి పుచ్చి ఉంటాయి. బయటి నుంచి చూస్తే నల్లటి కోటింగు నిగనిగలాడుతూనే ఉంటుంది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగిపోతుంది. రబ్బరు కోటింగు రాయి తగిలి ఒకచోట చిట్లితే ఆ చీలికలోంచి ఉప్పు నీరు కిందికి చేరి, గాయం మీద తడి కట్టు కట్టినట్టు అక్కడే నిలుస్తుంది. అంతకంటే ఘోరం, తొందరలో కొట్టేవారు నీరు పోయే రంధ్రాలను కూడా పూడ్చేస్తారు. నన్నడిగితే బయట రబ్బరు కంటే రన్నింగ్ బోర్డుల లోపలికి, డోర్ల లోపలికి గొట్టంతో మైనం పూత కొట్టించడం మేలు.

మధురవాడ మాస్టారు:
అలాగైతే నా వాదనకే బలం చేకూరింది కదా! నెలకోసారి ర్యాంపు మీద వాటర్‌వాష్ చేయిస్తే పూతల గొడవే ఉండదు.

డాక్‌యార్డ్ విశ్రాంత ఉద్యోగి:
ఏ నీళ్లతో, మాస్టారూ? ఒడ్డున ఉన్న కాలనీల్లో చాలా బోర్లలోకి సముద్రపు నీరు చొరబడింది. ఆ నీళ్లతో అడుగు కడగడమంటే ఉప్పును మనమే తెచ్చి చల్లడం. మున్సిపల్ నీళ్లు వాడే చోట కడిగించాలి, లేదా కనీసం చివరి కడుగైనా మంచినీళ్లతో కావాలి. ముఖ్యంగా తుపాను తరువాత ఆలస్యం చేయకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు వీచిన గాలి సముద్రపు తుంపరను ఊరి లోపలికి కూడా మోసుకొచ్చింది.

లాసన్స్‌బే కాలనీ నివాసి:
బ్యాటరీకి తగిలించే ‘తుప్పు నిరోధక’ ఎలక్ట్రానిక్ పరికరం ఒకటి కూడా చూపించారు. ఓడలకు ఇదే పద్ధతి అన్నారు.

డాక్‌యార్డ్ విశ్రాంత ఉద్యోగి:
ఓడ అడుగున బిగించే జింకు దిమ్మలు తాము కరుగుతూ ఉక్కును కాపాడేది, దిమ్మా ఉక్కూ రెండూ సముద్రపు నీటిలో మునిగి ఉండటం వల్ల. విద్యుత్తు వలయాన్ని పూర్తిచేసేది ఆ నీరే. గాలిలో తిరిగే కారుకు అటువంటి నీరు చుట్టూ లేదు, కాబట్టి ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఆటోనగర్ టింకరింగ్ షెడ్డు:
మైనం పూతకే నిశ్చయించుకుంటే వానలకు ముందు, బండి కడిగి పూర్తిగా ఆరిన తరువాతే చేయించండి. తడి మీద కొడితే తడిని లోపల బంధించినట్టే. సైలెన్సరు మీద, బ్రేకు డిస్కుల మీద, సెన్సర్ల మీద చుక్క కూడా పడకుండా ముందే కప్పమని చెప్పండి. బండిని లిఫ్టు మీంచి దించకముందే మీరే కిందికి వెళ్లి, నీరు పోయే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో ఒక సన్నటి తీగతో చూసుకోండి.

మధురవాడ మాస్టారు:
ఒడ్డున ఉండేవారు చేయించుకోండి, కాదనను. మా వైపు వారికి మాత్రం మంచినీటి వాటర్‌వాష్ చాలునన్న మాట మీదే ఉన్నాను.