షాన్ ఓ రియర్డాన్ 50వ వర్ధంతి: సభ ఐరిష్‌లోనే జరగాలా, ఇంగ్లిష్ కూడా ఉండాలా?

లీ_నది_గట్టు:
నేనుండేది ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో. ఈ ఊరు తనవాడని చెప్పుకునే కవి షాన్ ఓ రియర్డాన్ పోయి 2027 ఫిబ్రవరి 21కి యాభై ఏళ్లు నిండుతాయి. ఐరిష్ భాషలో రాసిన ఆధునిక కవుల్లో మొదటి వరస మనిషి. 1952లో ‘రాబిన్ పిట్ట తోక’ అనే అర్థం వచ్చే పేరుతో తొలి సంపుటి వేశాడు. ఆ ఏడాదే ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ కోసం విద్యార్థులు ప్రాణాలిచ్చారు. అందుకే ఆ తేదీని యునెస్కో మాతృభాషా దినం చేసింది. ఓ రియర్డాన్ కన్నుమూసిందీ ఆ తేదీనే.

ఈ వర్ధంతి ఎలా జరపాలన్న మాట మా ఆఫీసులో వచ్చింది. ఇద్దరు ఐరిష్ మిత్రులు గట్టిగానే వాదించుకున్నారు. ఒకరు ఐరిష్ తప్ప మరో మాట వినపడకూడదన్నారు. అలాగైతే తనలాంటివాళ్లు గుమ్మం దాకా కూడా రారని ఇంకొకరు. నేను మొదటి పక్షమే. వేదిక మీద ఐరిష్ ఒక్కటే వినిపించాలి. ఇంగ్లిష్ కావాలన్నవాళ్లకు అచ్చువేసిన కాగితం చేతికిస్తే చాలు. రెండు భాషల సభలు ఎలా నడుస్తాయో విదేశాల్లో మన తెలుగు సభలకు వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. ప్రార్థన గీతం తెలుగులో, స్వాగతం సగం సగం, ఆ తర్వాత “పిల్లలకు కూడా అర్థం కావాలి కదా” అంటూ మొత్తం ఇంగ్లిషే. బలమైన భాషను పక్కన కూర్చోబెడితే అది పక్కనే ఉండిపోదు. మీరేమంటారు?

నల్లగొండ_పాఠకుడు:
బాధ అర్థమైంది గానీ లెక్కలు కూడా చూడండి. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చని చెప్పుకున్నవాళ్లు సుమారు 18 లక్షల 74 వేల మంది. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు 72 వేలకు కొంచెం తక్కువ. మరి మిగతావాళ్ల సంగతి? వాళ్లంతా బడిలో ఏళ్ల తరబడి ఐరిష్ చదివినవాళ్లే, మార్కుల భయంతో. అలాంటి మనిషి పెద్దయ్యాక ధైర్యం చేసి ఒక కవి వర్ధంతికి వస్తే, అక్కడా మళ్లీ పరీక్ష హాల్లో కూర్చోబెడతారా? కవిని తలుచుకోవడం అంటే కొత్త పాఠకుణ్ణి సంపాదించడం. ఆల్రెడీ చదివినవాళ్లు కలుసుకోవడానికి వర్ధంతి ఎందుకండీ?

పాత_సంపుటాలు:
ఇద్దరూ ఓ రియర్డాన్ బతుకు కొంచెం చూడండి. పుట్టింది 1916లో, కార్క్ కౌంటీలోని బాలీవూర్నీలో. తండ్రి ఐరిష్ మాట్లాడేవాడు, తల్లిది ఇంగ్లిష్. పక్కింట్లో నానమ్మ నోట ఐరిష్. పదేళ్ల వయసులో తండ్రి క్షయతో పోయాడు. 1932లో కుటుంబం కార్క్ దగ్గర ఇనిస్కారాకు మారింది, అక్కడ చుట్టూ ఇంగ్లిషే. 1964 నాటి ‘బ్రొస్న’ సంపుటిలో ఐరిష్‌ని ఉద్దేశించి ఒక కవిత ఉంది. ‘సగమే నాదైన భాషా, మన ఇద్దరికీ ఈ ముడి వేసిందెవరు’ అని అడుగుతాడు అందులో.

తొలి సంపుటి రాగానే, ఆ భాషలోనే పేరున్న కవయిత్రి మోరా మాకన్‌టీ ఆయన ఐరిష్‌ని గట్టిగా విమర్శించింది. ఆ గాయం ఆయనకు చాలాకాలం మానలేదు. భాష శుద్ధంగా లేదని బతికుండగా మాట పడ్డ కవి ఆయన. అలాంటివాడి వర్ధంతిలో గుమ్మం దగ్గర శుద్ధత కొలిచే మనిషిని నిలబెట్టడం నాకు మింగుడుపడటం లేదు.

అయితే రెండో పక్షానికీ ఇబ్బంది ఉంది. కెర్రీ తీరాన డూన్ క్వీన్ అనే ఐరిష్ పల్లె ఆయనకు ప్రాణం. ఒక కవితలో ఆ పల్లెకు తిరిగి పొమ్మని, షెల్లీ, కీట్స్, షేక్‌స్పియర్‌లను మనసులోంచి దులుపుకొమ్మని తనకు తనే చెప్పుకుంటాడు. ఆ కవితను ఇంగ్లిష్‌లో చదివి చప్పట్లు కొట్టించుకోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

రిటైర్డ్_గుమస్తా:
భాష గొడవలో మనిషిని మరిచిపోతున్నారు. ఓ రియర్డాన్ 1937లో కార్క్ కార్పొరేషన్‌లో చేరాడు. సిటీ హాల్లో మోటారు వాహనాల పన్ను విభాగంలో గుమస్తా. మరుసటి ఏడాదే క్షయ బయటపడింది. శానటోరియంలు, సెలవులు, మళ్లీ అదే కౌంటరు, చివరికి 1965లో ఉద్యోగం వదిలేశాడు. నేనూ మునిసిపాలిటీ పన్నుల సెక్షన్లోనే రిటైరయ్యాను, ఆ పని మనిషి ఒంట్లోంచి ఎంత తోడేస్తుందో నాకు తెలుసు. రోజంతా లైసెన్సు ఫారాలు, రాత్రి దగ్గు, ఆ మధ్యలో కవిత్వం! 1940లో మొదలుపెట్టిన డైరీ చివరిదాకా రాశాడు. వర్ధంతిలో ఆ డైరీ పేజీలు చదవాలి, సభ సిటీ హాల్లోనే పెట్టాలి. ఆ కౌంటరు ముందు వరసలో నిలబడినవాళ్లు ఇంగ్లిష్ మాట్లాడే మనుషులే, వాళ్ల మనవలకు అర్థమయ్యే భాషలోనే చదవాలి.

లీ_నది_గట్టు:
గుమస్తా గారూ, మీ మాట మనసుకు తగిలింది. అయినా ఒప్పుకోలేను. ఆయన అనువాదం దొరకని కవి కాడు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ 2014లో ఎంపిక చేసిన కవితలను ఇంగ్లిష్ అనువాదాలతో వేసింది, ఆ తర్వాతా వచ్చాయి. ఇంగ్లిష్‌లో చదవాలనుకునేవాళ్లకు ఏడాదిలో 364 రోజులూ తలుపు తెరిచే ఉంది. నేను అడుగుతున్నది మిగిలిన ఆ ఒక్క రోజు, అందులోనూ ఓ గంట.

తల్లి 1945లో పోతే ఆమె ఖననం మీద రాసిన కవితే తీసుకోండి. జూన్ ఎండ, యాపిల్ తోట, పట్టులాంటి మధ్యాహ్నంలో ఒక తేనెటీగ రొద. పాత ఉత్తరం చదువుతుంటాడు. చదువుతుండగానే జూన్ వెనక్కి ఒరిగి చలికాలంలో కలిసిపోతుంది. తోట కాస్తా ఏటి పక్కన తెల్లటి శ్మశానమవుతుంది. ఆ మూగ తెలుపు నడుమ తవ్విన నల్లటి గొయ్యి ఒక్కసారిగా అరుస్తుంది. ఒక రాబిన్ పిట్ట వచ్చి ఏ బెరుకూ లేకుండా సమాధి దగ్గర వాలుతుంది. చివర్లో తనవి కుంటి పద్యాలంటాడు, ఆ పిట్ట తోక పట్టుకోవాలని ఉందంటాడు. నాకు వచ్చిన ఐరిష్ కొద్దిపాటిదే. సాయంత్రం తరగతుల్లో నేర్చుకున్నాను. ఈ కవితను ముందు ఇంగ్లిష్‌లో చదివాను, ఆ తర్వాత ఒక పెద్దాయన చదువుతుంటే విన్నాను. ఎండలోంచి మంచులోకి జారేచోట ఆయన గొంతు ఆగలేదు, అచ్చులు మాత్రం పొడుగయ్యాయి. అర్థం నాకు ముందే తెలుసు, అయినా అక్కడ వెన్ను జలదరించింది. ఆ చోట ఒకరు మైకు అందుకుని “ఇప్పుడు దీని అర్థం ఏమిటంటే” అన్నారంటే కవిత అక్కడికి సరి.

ఇంకోటి. 1967 నుంచి ఆయన ఐరిష్ టైమ్స్‌లో కాలమ్ రాశాడు. ఇంగ్లిష్ పత్రిక, కానీ కాలమ్ ఐరిష్‌లో. చదవగలిగినవాళ్లు చదివారు, రానివాళ్లు ఆ పేజీ తిప్పారు, పత్రికకేమీ కాలేదు. సభకూ ఏమీ కాదు.

నల్లగొండ_పాఠకుడు:
అర్థం మీకు ముందే తెలుసన్నారు చూశారా, నేను చెప్పేదీ అదే. ఇంగ్లిష్‌లో చదివి వెళ్లారు గనక వెన్ను జలదరించింది. ఏమీ తెలియకుండా వచ్చినవాడి సంగతేంటి? చీకట్లో కాగితం చేతిలో పెడితే కవిత వినాలా, వరస వెతుక్కోవాలా? లిమరిక్ కౌంటీలో మైకల్ హార్ట్‌నెట్‌ను చూడండి. ఇంగ్లిష్‌కు వీడ్కోలు చెప్పి ఐరిష్‌లోకి వెళ్లాడు, 1985లో మళ్లీ ఇంగ్లిష్‌లో పుస్తకం వేశాడు. ఆయన సొంతూరు న్యూకాజిల్ వెస్ట్‌లో ఏటా ఆయన పేరున సాహిత్య ఉత్సవం చేస్తారు, రెండు భాషలూ ఆయనవే అని.

లీ_నది_గట్టు:
హార్ట్‌నెట్ రెండింటిలోనూ కవి, ఆయనకు అది న్యాయం. ఓ రియర్డాన్ కవిత్వానికి ఎంచుకున్నది ఒక్కటే భాష, సగమే తనదని తెలిసి కూడా. కాగితం విషయంలో మాత్రం మీ మాట నిజం. ముందు రోజే అందరికీ పంపాలి, సభ మొదలయ్యాక పంచకూడదు.

పాత_సంపుటాలు:
చోటు గురించీ తేల్చండి. నా ఓటు బాలీవూర్నీకి. ఆయన్ని మట్టి చేసింది అక్కడి గొబ్నెట్ శ్మశానంలోనే. సంగీతకారుడు షాన్ ఓ రియడా సమాధి కూడా అక్కడే. ఫిబ్రవరి 11న సెయింట్ గొబ్నెట్ పండగకు జనం వచ్చి ప్రదక్షిణలు చేసే చోటు. ఆ ప్రాంతంలో ఐరిష్ ఇంకా నాలుకల మీదే ఉంది, అక్కడ ఏ భాషలో అని ఎవరూ అడగరు. ఇంగ్లిష్ సభ కావాలంటే కార్క్‌లో వేరే రోజు పెట్టుకోండి. రెండూ ఉండాలి, ఒకే గదిలో మాత్రం వద్దు.

రిటైర్డ్_గుమస్తా:
2027లో 21 ఆదివారం పడింది, సిటీ హాల్ ఎలాగూ మూసే ఉంటుంది. ఆ రోజు బాలీవూర్నీలో మీ ఇష్టప్రకారం ఐరిష్‌లోనే జరపండి, నాకు అభ్యంతరం లేదు. మర్నాడు సోమవారం సిటీ హాల్లో నేను అడిగిన సభ పెట్టాలి. డైరీ ఇంగ్లిష్‌లోనే చదవాలి, ఆ మాట మీద నేను తగ్గను.

లీ_నది_గట్టు:
డైరీ పేజీలు కూడా ముందు ఐరిష్‌లోనే చదవాలి, గుమస్తా గారూ. ఒక్క పేజీ అయినా.