హోల్గా ఫోటో, యాప్ ఫిల్టరు: రెండింటినీ ఒకే గాటన కట్టొచ్చా?

మైపాడు గాలి:
మా నెల్లూరు ఫోటో క్లబ్బులో గొడవ నడుస్తోంది. ఈసారి పోటీకి పెట్టిన షరతుల్లో ‘తీసిన తర్వాత ఎఫెక్టులు కలిపిన ఫోటోలు తీసుకోం’ అని ఉంది. నేను మైపాడు బీచ్‌లో హోల్గాతో తీసిన ఫోటో ఒకటి ఇచ్చాను. ఒడ్డుకు లాగిన పడవ, దాని నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఇద్దరు. నాలుగు మూలలూ నల్లబడ్డాయి, ఎడమవైపు పైనుంచి కిందికి ఎర్రటి చార పడింది. నేను కలిపిందేమీ లేదు, కెమెరా ఇచ్చిందే అది. కమిటీ వాళ్లు ‘ఇలాంటిది ఫోన్ యాప్‌లో ఒక్క నొక్కుతో వస్తుంది, ఏది అసలో ఏది కాదో మేమెట్లా తేల్చాలి’ అని పక్కన పెట్టేశారు. నిజంగానే యాప్‌తో చేసిన ఇంకొకరి ఫోటోను కూడా అదే మాట మీద తీసేశారు. ఇది న్యాయమేనా?

తెలియనివాళ్లకు: హోల్గా 1982లో హాంకాంగ్‌లో పుట్టిన చవక ప్లాస్టిక్ కెమెరా. 120 అనే వెడల్పాటి ఫిల్ము రీలు పడుతుంది. ఒంటి లెన్సు, అది కూడా చాలా మోడళ్లలో ప్లాస్టిక్కే. నేను పోటీకిచ్చిన ఫోటో ఇక్కడ నా ‘బీచ్’ ఆల్బంలో మొదటిది.

ఒంగోలు స్టూడియో:
కమిటీ చేసింది కరెక్టే తమ్ముడూ. నేను పెళ్లిళ్లు తీసి బతికినవాణ్ణి, నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. ఒకప్పుడు కాస్త కలిగిన ఇళ్లల్లో ఆగ్ఫా క్లిక్ త్రీ అనే కెమెరా ఉండేది. అది కూడా 120 రీలే, పన్నెండు ఫోటోలు. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, అంతకు మించి తిప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. రీలు కడిగి చూస్తే కొన్ని షేకు, కొన్ని మసక, కొన్నింటి మీద వెలుగు దూరిన మరక. కస్టమరు తిట్లు కౌంటరు దగ్గర మేమే తినేవాళ్లం. ప్రింటు వేసేటప్పుడు మరక పడిన చోటికి ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం) కింద ఇంకాస్త వెలుగిచ్చి, తెల్లమరకను నల్లబరిచి, ఏదో తంటాలు పడి చేతికిచ్చేవాళ్లం. మేం పోగొట్టడానికి చచ్చిన మరకను మీరు డబ్బు పోసి కొనుక్కుంటున్నారు. దాన్ని యాప్‌లో కొనుక్కుంటే ఏం, కెమెరాతో పాటు కొనుక్కుంటే ఏం?

పెన్నా గట్టు:
సార్, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి. కానీ తేడా ఉంది. యాప్ వేసే చారకు ఆ ఫోటోతో ఏ సంబంధమూ ఉండదు. పడవ మీద వేసినా, పెళ్లికూతురి మీద వేసినా అదే చార. హోల్గాలో అట్లా కాదు. వెనక మూత అతుకు సరిగా కూర్చోదు. ఆ సందులోంచి ఎంత వెలుగు దూరుతుందనేది ఆ క్షణాన ఎండ ఎటునుంచి కొడుతోంది, రీలు తిప్పాక ఆ ఫ్రేము అక్కడ ఎంతసేపు ఆగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కెమెరాను మెళ్లో వేసుకుని మిట్టమధ్యాహ్నం ఇసకలో గంట తిరిగితే ఆ ఫ్రేము మాడుతుంది, వెంటనే తీసి తిప్పేస్తే ఏమీ పడదు.

చార ఎర్రగా ఎందుకుందంటే, కలర్ నెగటివ్ రీలులో ఎర్రను పట్టే పొర అడుగున ఉంటుంది. లెన్సులోంచి వచ్చే వెలుగు దాన్ని ఆఖరున చేరుతుంది, వెనకనుంచి దూరింది ముందు దానికే తగులుతుంది. అంటే ఆ చార కూడా ఆ పూట మైపాడు ఎండే. రీలు మీద ఇంకో దారిన పడింది, అంతే. దాన్ని ‘తర్వాత కలిపిన ఎఫెక్టు’ అనడం ఎట్లా కుదురుతుంది?

కావలి కుర్రోడు:
బాగా చెప్పావు అన్నా, కానీ ‘ఏమీ కలపలేదు’ అన్న మాట దగ్గర నాకు అనుమానం. కలర్ నెగటివ్ అంటే రీలు కడిగాక వచ్చే నారింజ రంగు పట్టీ, అందులో రంగులన్నీ తలకిందులుగా ఉంటాయి. దాన్ని స్కాన్ చేసి ఆ రంగులు తిరగేసింది సాఫ్ట్‌వేరే గదా? సముద్రం ఎంత నీలంగా ఉండాలి, చార ఎంత ఎర్రగా ఉండాలి అన్నది ల్యాబులో ఎవరో మౌసుతో తేల్చారు. ఇది ఎడిటింగ్ కాకపోతే మరేంది?

పైగా రీలు, కడగడం, స్కాను, పోను రాను కొరియరు, అన్నీ కలుపుకుంటే ఒక్కో ఫోటోకు వంద దాటుతోంది. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ డిజిటల్ కెమెరాకు చిట్టీ కట్టుకోవచ్చు.

పెన్నా గట్టు:
డబ్బు సంగతి ఆయనిష్టం. స్కాను సంగతికొస్తే, నువ్వు ఫోన్‌లో తీసిన ఫోటో మాత్రం కల్తీ లేనిదా? ఇప్పటి ఫోన్లు ఒక్క నొక్కుకు నాలుగైదు ఫ్రేములు తీసి, బాగున్న ముక్కలన్నీ కలిపి, ఆకాశాన్ని తనే దిద్ది ఇస్తున్నాయి. ఆ ఫోటోలను కమిటీ ఏ ప్రశ్నా లేకుండా తీసుకుంది. స్కాన్‌లో రంగు మారిస్తే ఫోటో మొత్తానికీ మారుతుంది. లేని చారను అది పుట్టించదు.

కందుకూరు అక్క:
మీరందరూ చార ఎక్కణ్ణుంచి వచ్చిందో పోట్లాడుకుంటున్నారు, ఫోటోను చూసినవాళ్లున్నారా అసలు? నేను చూశాను. ఎడమవైపు బొటనవేలు అడ్డంపెట్టి మళ్లీ చూశాను. మిగిలింది ఒక పడవ, వంచిన రెండు తలలు. ఒకరి చేతులు పడవ చాటున పోయాయి. వల ఏదో, ఇసక ఏదో తెలియడం లేదు. తమ్ముడూ, నీ ఫోటోలో పనంతా ఆ చారే చేస్తోంది. కమిటీ తప్పు కారణం చెప్పి సరైన పని చేసిందంటాను.

మా నాన్న క్లిక్ త్రీతో తీసినవి ఇంట్లో ఉన్నాయి. వాటికీ మసక ఉంది. కానీ మా నాయనమ్మ బావి గట్టు మీద నిలబడి కొంగు సర్దుకుంటున్న ఫోటోలో నువ్వు ముందు ఆవిడ చెయ్యి చూస్తావు, మసక తర్వాత కనబడుద్ది. ఒంగోలు అన్నయ్య మరకంటే పడదంటున్నారు, నువ్వు మరకుంటే చాలంటున్నావు. ఇద్దరూ మరకనే చూస్తున్నారు.

మైపాడు గాలి:
అక్కా, గట్టిగానే కొట్టావు. అయితే చేతులు కనపడేదాకా దగ్గరికి పోవడం ఈ కెమెరాలో తేలిక కాదు. ఫోకస్‌కు నాలుగు బొమ్మలుంటాయి: ఒక మనిషి, ముగ్గురు, గుంపు, కొండ. దూరం మనమే అంచనా వేసుకోవాలి. చూసే కిటికీకి లెన్సుతో పొత్తు లేదు, దగ్గరికి పోయేకొద్దీ ఫ్రేము పక్కకు జరిగిపోద్ది. అదే రీలులో చార పడని ఫ్రేము ఇంకొకటుంది, ఆల్బంలో కలుపుతున్నా.

ఒంగోలు స్టూడియో:
రెండోది చూశాను. ఇదే పంపాల్సింది. ముసలాయన పళ్లతో దారం తెంపుతున్నాడు, ముఖం కొంచెం మసకైనా పట్టుకుంది. ఇందులోనూ మూలలు నల్లగానే ఉన్నాయి, నాకేం అడ్డం రాలేదు. కందుకూరు చెల్లెమ్మ మాటతో సగం ఒప్పుకుంటా. మిగతా సగం ఏందంటే, ఫోటోగ్రాఫరు తను ఏం చేస్తున్నాడో తెలిసి చెయ్యాలి. ఇది అతను పట్టిందా, దొరికిందా?

కావలి కుర్రోడు:
సార్, రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జనం మధ్య నిలబడి పెద్ద కెమెరాతో వరసగా వందలు తీసి, ఇంటికొచ్చి ఒకటి ఏరుకుంటాం. అదీ దొరికిందే గదా? హోల్గా ఆయనకు పన్నెండే ఉంటాయి. (నేను పక్షం మార్చలేదు, అడుగుతున్నానంతే.)

ఇంకో మాట, ఈ రీళ్లు మనమే ఇంట్లో కడుక్కోవచ్చా?

ఒంగోలు స్టూడియో:
బ్లాక్ అండ్ వైట్ అయితే కడుక్కోవచ్చు. చాలా డెవలపర్లకు, అంటే రీలు కడిగే మందులకు, ఎంతసేపు ఉంచాలన్న లెక్క 20 డిగ్రీల దగ్గర చెబుతారు. మే నెలలో మన ట్యాంకు నీళ్లు ముప్ఫై దాటి ఉంటాయి, మందు వేగంగా పనిచేసి నెగటివ్ నల్లగా మూసుకుపోద్ది. టబ్బులో ఐసు వేసి సీసాలు అందులో పెట్టాలి, కడిగే నీళ్లు కూడా ఇంచుమించు అదే చల్లదనంలో ఉండాలి. కలర్‌కు 38 డిగ్రీలు, అటూ ఇటూ పోకూడదు, అది ల్యాబుకే పంపించు.

పెన్నా గట్టు:
అసలు సంగతికి వస్తే, షరతు మార్చమని క్లబ్బుకు రాద్దాం. ‘రీలుతో తీసినవాళ్లు నెగటివ్ పట్టీ చూపించాలి. పట్టీ మీద ఉన్నది ఫోటోలో ఉండొచ్చు.’ యాప్‌కు పట్టీ ఉండదు, తేల్చలేమన్న సాకూ ఉండదు.

కందుకూరు అక్క:
పట్టీ చూపించి నాసిరకం ఫోటో ఇస్తే తీసుకోవాలా?

పెన్నా గట్టు:
తీసుకోవాలి, మార్కులు తక్కువ వెయ్యాలి. లోపలికి రానివ్వకపోవడం వేరు, ఓడించడం వేరు అక్కా.

ఒంగోలు స్టూడియో:
సరే, పట్టీకి నేనూ సంతకం పెడతా. మరి ఒకే ఫ్రేము మీద రెండు ఫోటోలు పడితే? హోల్గాలో రీలు తిప్పకపోయినా షట్టరు పడుద్ది. పడవ మీద ఇంకో పడవ ఎక్కి కూర్చుంటుంది. అదీ పట్టీ మీద ఉన్నదే. కావాలని చేశాడా, తిప్పడం మరిచాడా అన్నది పట్టీ చెప్పదు.

మైపాడు గాలి:
సార్, నా దగ్గర అట్లాంటివి రెండున్నాయి. ఒకటి కావాలని చేసింది. ఏదో చెప్పను, ఆల్బంలో పెడతా, చూసి మీరే చెప్పండి.