15-0-15 ట్రాన్స్‌ఫార్మర్‌ను తగ్గించాలంటే చుట్లు విప్పాలా, ఎదురు చుట్టాలా?

కొత్త సోల్డర్: పాత యాంప్లిఫయర్‌లోంచి తీసిన 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, అంటే మధ్య తీగకు రెండు పక్కలా 15 వోల్టుల ఏసీ ఇచ్చేది. దాంతో టీడీఏ2030 అనే ఆడియో యాంప్లిఫయర్ ఐసీ ఉన్న బోర్డు నడపాలి. డీసీ చేశాక 20 వోల్టులు దాటుతోంది, ఆ ఐసీ ప్లస్-మైనస్ 18కి మించి తట్టుకోదు. సెకండరీలో (అవుట్‌పుట్ వైపు) కొన్ని చుట్లు విప్పేస్తే చాలా?

వైండింగ్ షాపు: విప్పడమే మేలు తమ్ముడూ. ముందు పైన 10 చుట్లు చుట్టి మీటర్ పెట్టు. 2.5 వోల్టులు వస్తే వోల్టుకు 4 చుట్లన్నమాట. ఆ లెక్కన తీసెయ్. ఎదురు చుడితే, అంటే వోల్టేజి తగ్గేలా అదనపు చుట్లు తిరగేసి సిరీస్‌లో కలిపితే, రాగి దండగ, పైగా రెసిస్టెన్స్ పెరుగుతుంది.

పాత రేడియో: అన్నా, లెక్క కరెక్టే. కానీ సెంటర్ ట్యాప్ (మధ్య తీగ) ఉన్నదాన్ని ఎలా విప్పుతాడు? పై సగం చేతికి అందుతుంది. లోపలి సగం దాని కింద ఉంటుంది. ఒక్క పక్కే తగ్గిస్తే ప్లస్, మైనస్ సమానంగా రావు. లోపలిది అందాలంటే పై సగం అంతా విప్పి మళ్ళీ చుట్టాలి, వార్నిష్ పట్టిన స్టాంపింగులు (కోర్ ఇనుప రేకులు) ఊడదీయాలి. కొత్తవాడికి ఇది చెప్పే పనేనా?

పక్కకు 15 నుంచి 12 వోల్టుల ఏసీకి దించడం కూడా చాలదు. మా వీధిలో రాత్రిళ్ళు 250 వోల్టులు వస్తాయి, అప్పుడు డీసీ 17.7 దాకా పోతుంది. 11 పెట్టుకోండి. అంటే పక్కకు 4 వోల్టులు తగ్గాలి, వోల్టుకు 4 చొప్పున 16 చుట్లు ఎదురు చుట్టాలి, సెకండరీ గేజ్ తీగతోనే, రెండు కొసలకూ విడివిడిగా. కలిపాక వోల్టేజి తగ్గితే సరే, పెరిగితే కొసలు మార్చండి. 16 చుట్ల రెసిస్టెన్స్ ఎంతని? ప్రైమరీ (మెయిన్స్ వైపు) చుట్లు మాత్రం ఎవరు చెప్పినా తగ్గించకండి. అవుట్‌పుట్ ఇంకా పెరుగుతుంది, కోర్ సాచురేట్ అయి (అయస్కాంతత్వం హద్దు దాటి) ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

ఇంకొకరు: వోల్టేజిని 15 దగ్గర నిలిపే 7815, 7915 రెగ్యులేటర్ ఐసీలు పెడితే పోదా?

పాత రేడియో: అవి ఒక ఆంపియర్ వరకే. 20లోంచి 15కి దించితే ఒక్కోటి 5 వాట్ల వేడి కక్కుతుంది.

వైండింగ్ షాపు: లోపలి సగం మాట నిజమే, నేను ఆలోచించలేదు. కానీ రెండు తీగలు జతగా చుట్టిన రకమైతే రెండింటి కొసలూ పైనే ఉంటాయి, హాయిగా విప్పొచ్చు. ముందు అది చూడు తమ్ముడూ. ఏది చేసినా మొదటిసారి 60 వాట్ల పాత రకం బల్బు సిరీస్‌లో పెట్టి కరెంటు ఇవ్వు. బల్బు పూర్తిగా వెలిగితే వెంటనే ఆపెయ్.

కొత్త సోల్డర్: చూశాను, విడివిడిగా చుట్టినదే. ఎదురు చుట్టాను. బల్బు ఒక్కసారి మెరిసి ఆరింది. ఒక పక్క 11.1, రెండో పక్క 11.